షూగేజ్ బృందాలు, వాటి గిటార్లు, మనం విన్న రాత్రులు

పాతక్యాసెట్టు (హైదరాబాద్), 5 జనవరి 2024

మిత్రులందరికీ నమస్కారం. నిన్న అటక మీది అట్టపెట్టె దించి పాత క్యాసెట్లకు పట్టిన దుమ్ము దులుపుతుండగా, లీడ్స్‌లో చదువుకుంటున్న మా మేనబావ 1993 చివర్లో సెలవులకు వచ్చినప్పుడు నా చేతిలో పెట్టిన టీడీకే క్యాసెట్టు కనిపించింది. దాని ఒక వైపు స్లోడైవ్ బృందం ఆ ఏడాదే విడుదల చేసిన ‘సువ్లాకీ’, రెండో వైపు మై బ్లడీ వాలెంటైన్ వారి ‘లవ్‌లెస్’ ఉన్నాయని నీలం సిరాతో అతను రాసిన అక్షరాలు ఇంకా చెరగలేదు. గిటార్ల హోరులో మెత్తటి గొంతులు కరిగిపోయే షూగేజ్ అనే రాక్ సంగీతపు ఆల్బమ్‌లివి. ‘లవ్‌లెస్’ నిడివి 48 నిమిషాలకు పైనే కాబట్టి, తొంభై నిమిషాల క్యాసెట్టులో ఒక వైపు అది పూర్తిగా పట్టదు. చివరి పాట ‘సూన్’ మధ్యలోనే తెగిపోయి టేపు టక్కున ఆగేది, ఆ పాట అక్కడికే ముగుస్తుందని నేను చాలా ఏళ్లు నమ్మాను.

మొదటిసారి విన్న రాత్రి నాకు బాగా గుర్తుంది. గిటారు శ్రుతి అలలా కిందికీ పైకీ ఊగుతుంటే, టేపు సాగిపోయిందేమోనని అనుమానించి, స్పిరిట్‌లో ముంచిన దూదితో టేపురికార్డరు హెడ్‌ను రెండుసార్లు తుడిచి మళ్లీ మొదటినుంచి పెట్టాను. ఊగుడు అలాగే ఉంది. మూడోసారి వింటున్నప్పుడు అది సంగీతంలోనే ఉన్న ఊగుడని అర్థమైంది, ఆ తర్వాత తెల్లవారే దాకా నిద్ర పట్టలేదు.

ఈ చర్చ మొదలుపెట్టడానికి కారణం ఒక ప్రశ్న. ఇంత పెద్ద శబ్దం చేసే సంగీతం మనిషిని ఎందుకు ఇంత నెమ్మదిగా ఉంచుతుంది? హెవీ మెటల్ వింటే నాకు పిడికిలి బిగుసుకుంటుంది, వీరి పాటలు వింటే ఆ పిడికిలే విడిపోతుంది. మీరు విన్న కచేరీలు, మీరు చూసిన గిటార్లు, మీకు తెలిసిన సంగతులు వివరంగా రాయమని కోరుతున్నాను.

విశాఖతీరం (విశాఖపట్నం), 5 జనవరి 2024

మీ టేపు కథ చదివి చాలా సంతోషం కలిగింది. కొత్తగా వచ్చే సభ్యుల కోసం ముందుగా షూగేజ్, అంటే బూట్ల వైపు చూపు, అనే పేరు సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ పేరు పెట్టినవారు దానిని మెచ్చుకోలుగా పెట్టలేదు. మూస్ అనే బృందం లండన్‌లో ఇచ్చిన ఒక కచేరీలో గాయకుడు వేదిక నేల మీద అంటించుకున్న కాగితంలోని మాటలు చూసుకుంటూ పాడాడట, ‘సౌండ్స్’ అనే వారపత్రిక సమీక్షలో ఆ చూపు గురించి రాశారు, అక్కడినుంచి బూట్ల వైపు చూస్తూ వాయించేవారనే ముద్ర మొత్తం తరానికి అంటుకుంది. నిజానికి గిటారిస్టులు చూసేది బూట్లను కాదు, వాటి ముందు వరుసగా పేర్చిన పెడళ్లను, అంటే గిటారు ధ్వనిని మార్చే, కాలితో నొక్కే పెట్టెలను. ఒక పాటలో ఏడెనిమిదిసార్లు కాలితో మీటలు మార్చవలసిన వాద్యకారుడు తల దించుకోక తప్పదు.

ఆ రోజుల్లోనే ‘మెలొడీ మేకర్’ పత్రిక వీరిని తమను తామే పొగుడుకునే గుంపు అని పిలిచింది. దానికి ఆధారం ఏమిటంటే, ఒక బృందం కచేరీకి మిగతా బృందాల వారు వచ్చి వెనక నిలబడి వినేవారు. తోటి కళాకారుడి కచేరీకి వెళ్లి కూర్చోవడం తప్పెలా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మన దగ్గర ఒక విద్వాంసుడి కచేరీకి ఇంకో విద్వాంసుడు వచ్చి ముందు వరుసలో కూర్చుంటే దానిని మర్యాద అంటాం.

రౌండ్‌హౌస్_మెట్లు (లండన్), 6 జనవరి 2024

పాతక్యాసెట్టు గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర ఉన్న సమాధానం ఒక్క రాత్రి మాత్రమే, దానిని ఉన్నదున్నట్టుగా రాస్తాను.

మై బ్లడీ వాలెంటైన్ సభ్యులు నలుగురూ, అంటే కెవిన్ షీల్డ్స్, బిలిండా బుచర్, డెబీ గూజ్, కోల్మ్ ఓ కీసోగ్, 16 ఏళ్ల విరామం తర్వాత 2008 జూన్‌లో లండన్ రౌండ్‌హౌస్‌లో వరుసగా ఐదు రాత్రులు వాయించారు. నేను అప్పటికి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి ఏడాది కూడా కాలేదు, తెలిసినవారెవరూ లేరు, ఒక్కడినే వెళ్లాను. రౌండ్‌హౌస్ 1847లో రైలింజన్లు తిప్పడానికి కట్టిన గుండ్రటి షెడ్డు, పైకప్పును మోస్తూ చుట్టూ 24 పోత ఇనుప స్తంభాలు ఉంటాయి. తలుపు దగ్గరే సిబ్బంది చెవుల్లో పెట్టుకునే నురుగు బిరడాలు పంచుతున్నారు. అది ఏదో లాంఛనం అనుకుని నేను జేబులో వేసుకున్నాను. మొదటి పాట మొదటి మీటుకే వాటిని తీసి పెట్టుకున్నాను.

కచేరీ చివరి పాట ‘యూ మేడ్ మీ రియలైజ్’. 1988లో వచ్చిన ఆ పాట రికార్డులో నాలుగు నిమిషాల లోపే ఉంటుంది, అందులో నడుమ కొన్ని క్షణాల పాటు పాట ఆగి ఒకే శబ్దం మోగుతుంది. వేదిక మీద ఆ కొన్ని క్షణాలను వీరు ఇరవై నిమిషాల దాకా సాగదీస్తారు. రాగం ఉండదు, మాట ఉండదు, నాలుగు వాద్యాలూ ఒకే చోట నిలబడి మోగుతూ ఉంటాయి. మొదటి రెండు నిమిషాలు అది విమానం ఇంజను పక్కన నిలబడ్డట్టు ఉంది. నా ప్యాంటు కాళ్లు నిజంగానే రెపరెపలాడాయి, గొంతులో ఎవరో వేలు పెట్టి అదిమినట్టు ఊపిరి కొంచెం అడ్డుపడింది. ఐదో నిమిషానికి చుట్టూ కొందరు బయటికి వెళ్లిపోయారు. నేను పక్కనున్న ఇనుప స్తంభం మీద అరచెయ్యి ఆనించాను, ఆ ఇనుము సన్నగా వణుకుతూ ఉంది.

పదో నిమిషం దాటాక ఒక మార్పు వచ్చింది. శబ్దం తగ్గలేదు, దానిలోపల చెవి తిరగడం నేర్చుకుంది. ఆ ఒక్క హోరులో దూరంగా పాడుతున్న స్త్రీల గొంతులు, గంటలు, ఎక్కడో బాజాలు వినిపించడం మొదలైంది. వేదిక మీద ఎవరూ పాడటం లేదని నాకు తెలుసు. అన్ని స్వరస్థానాలూ కలిసి మోగుతున్నప్పుడు మన చెవి తనకు కావలసినదాన్ని ఏరుకుంటుందని తర్వాత అర్థమైంది. నా పక్కన ఉన్న పెద్దాయన, అరవై ఏళ్లు ఉంటాయి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు, చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి. ఒక్కసారిగా డ్రమ్ దెబ్బతో పాట మళ్లీ అందుకుంది, పల్లవి వచ్చింది, ముగిసింది. బయటికి వచ్చి చాక్ ఫార్మ్ వీధిలో నడుస్తుంటే బస్సులు దూదితో చేసినంత మెత్తగా వెళ్తున్నట్టు అనిపించింది. ఆ ఊరు వచ్చిన తర్వాత ఒంటరిగా అనిపించని మొదటి రాత్రి అది.

జాజ్‌మాస్టర్_మరమ్మతు (సికింద్రాబాద్), 6 జనవరి 2024

రౌండ్‌హౌస్_మెట్లు గారి ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను కచేరీలు చూడలేదు. నా జీవితం గిటార్లు విప్పి బాగుచేయడంలో గడిచింది, కాబట్టి ఆ ఊగుడు ఏ వస్తువులోంచి పుడుతుందో నేను చెప్పగలను.

ఫెండర్ సంస్థ 1958లో జాజ్ వాద్యకారులను దృష్టిలో పెట్టుకుని జాజ్‌మాస్టర్‌ను, 1962లో దాని తోబుట్టువు లాంటి జాగ్వార్‌ను తీసుకొచ్చింది. జాజ్ వారు వాటిని పెద్దగా ఆదరించలేదు, సర్ఫ్ సంగీతం వాయించేవారు కొంతకాలం ఆదరించారు, 1980కల్లా రెండింటి తయారీ ఆగిపోయింది. దానివల్ల ఆ దశకంలో పాత సామాన్ల దుకాణాల్లో ఇవి చౌకగా దొరికేవి, చేతిలో డబ్బు లేని కుర్రవాళ్లు వీటినే కొన్నారు. ఎవరూ వద్దనుకున్న గిటార్ల మీద ఈ సంగీతం పుట్టిందన్న సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

జాజ్‌మాస్టర్‌లో తీగలు తమను ఎత్తి పట్టే బ్రిడ్జి దాటి ఇంకా కొంత దూరం వెనక్కి వెళ్లి ఒక లోహపు పలకలో చిక్కుకుంటాయి. ఆ పలక కింద చెక్కలో తొలిచిన గుంటలో ఒక స్ప్రింగు ఉంటుంది. ట్రెమెలో ఆర్మ్ అనే పొడవాటి కాడను నొక్కితే ఆరు తీగలూ ఒకేసారి కొద్దిగా వదులవుతాయి, వదిలేస్తే మళ్లీ తమ చోటికి వస్తాయి. ఇతర గిటారిస్టులు ఆ కాడను వాక్యం చివర చుక్క పెట్టినట్టు అప్పుడప్పుడూ వాడతారు. కెవిన్ షీల్డ్స్ 1988లో ఒక స్నేహితుడి జాజ్‌మాస్టర్ అరువు తెచ్చుకుని, ఆ కాడను చేతిలోంచి వదలకుండానే తీగలు మీటడం మొదలుపెట్టాడు. మీటే చెయ్యి కిందికీ పైకీ కదిలినప్పుడల్లా కాడ కూడా కదులుతుంది, అందువల్ల ప్రతి మీటుకూ మొత్తం శ్రుతి కొద్దిగా జారి తిరిగి లేస్తుంది. కాడ తగినంత ఎత్తులో, వదులుగా ఉండేలా దాని మొదట టేపు చుట్టేవాడు. పక్కపక్క తీగలను ఒకే స్వరానికి కట్టడం కూడా అతని అలవాటు. రెండు తీగలు ఒకే స్వరంలో వెంట్రుకవాసి తేడాతో మోగితే వాటి మధ్య పుట్టే తరంగం ఏ పెడల్‌తోనూ రాదు.

నా గిటారు సంగతి కూడా చెప్పాలి. 2011లో బెంగుళూరులో ఒక వాద్యకారుడి దగ్గర జపాన్‌లో తయారైన పాత జాజ్‌మాస్టర్ కొన్నాను. అంతకుముందు ఎవరో మరమ్మతు చేసేవాడు, కాడ ఊగడం లోపమనుకుని, స్ప్రింగు గుంటలో చెక్క ముక్క కొట్టి జిగురు పోసి బిగించేశాడు. ఆ ముక్కను తీయడానికి నాకు మూడు రోజులు పట్టింది. గోరువెచ్చటి ఇస్త్రీపెట్టె అంచును చెక్కకు తాకించి జిగురు మెత్తబడే దాకా ఆగడం, సన్నటి వెదురు బద్దతో నలుసు నలుసుగా గోకడం, మళ్లీ వేడి పెట్టడం, ఇదే పని. మూడో రోజు సాయంత్రం ముక్క ఊడి వచ్చింది, దాని కింద స్ప్రింగు తుప్పు కూడా పట్టకుండా మెరుస్తూ ఉంది. అప్పుడు కాడ పట్టుకుని ఇ మేజర్ కార్డు, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, మీటాను. ఎదురుగా టీ గ్లాసుతో కూర్చున్న మా అబ్బాయి, నాన్నా గోడ కదిలిందా అని అడిగాడు.

కంపితం (విజయవాడ), 7 జనవరి 2024

నేను వీణ నేర్చుకున్నదాన్ని, గిటారు వాయించడం రాదు. మా తమ్ముడు ‘లవ్‌లెస్’ వినిపించినప్పుడు నా చెయ్యి తనంతట తానే వీణ మెట్ల మీదికి పోయినట్టు కదిలింది. మేము కంపితం అనే గమకంలో స్వరాన్ని నిలకడగా ఉంచకుండా ఊపుతాం, ఆ ఊపు లేని స్వరం మా చెవికి ప్రాణం లేనిదిగా తోస్తుంది. అందుకే పాతక్యాసెట్టు గారు టేపు పాడైందనుకున్న చోట నాకు ఇల్లు చేరినట్టు అనిపించింది.

అయితే జాజ్‌మాస్టర్_మరమ్మతు గారి వివరణ చదివాక ఒక తేడా స్పష్టమైంది. వీణ మీద తీగను పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం పైకి మాత్రమే వెళ్తుంది, కిందికి దిగాలంటే ముందే లాగి ఉంచిన తీగను వదలాలి. ఆ గిటారులో కాడ నొక్కితే స్వరం కిందికి జారుతుంది. మా గమకం ఎక్కడం, వారిది దిగడం. పైగా మేము ఒక్క స్వరాన్ని ఊపుతాం, వారు ఒక కార్డులోని స్వరాలన్నింటినీ కట్టగట్టి ఊపుతారు. అన్నీ కలిసి జారినప్పుడు నిలబడ్డ నేలే జారినట్టు ఉంటుంది, మీ అబ్బాయికి గోడ కదిలినట్టు అనిపించింది అందుకే కావచ్చు.

మొదటి ప్రశ్న గురించి నాకు తోచినది కూడా చెబుతాను. మా కచేరీలో తంబూరా మోగుతూనే ఉంటుంది, అది ఏ కథా చెప్పదు. బుర్రకథ చెప్పే కథకుడి భుజం మీద కూడా తంబూరా ఉంటుంది, యుద్ధం వర్ణిస్తున్నా ఆ తీగ మాత్రం ఆగదు. ఆగని శబ్దం మీద మనసు ఆనుకుంటుంది. షూగేజ్‌లో ఆ తంబూరాను ముందుకు తెచ్చి, పాటను దాని వెనక్కి పంపారని నేను అర్థం చేసుకున్నాను.

పాతక్యాసెట్టు, 7 జనవరి 2024

కంపితం గారూ, ముప్పై ఏళ్లుగా నేను వెతుకుతున్న మాట మీరు చెప్పారు. జాజ్‌మాస్టర్ గారిని ఒక సందేహం అడుగుతాను. ‘లవ్‌లెస్’లో ఒక్కో పాటకు వందల కొద్దీ గిటార్లు ఒకదాని మీద ఒకటి పేర్చారని, అందువల్లే 19 స్టూడియోలు మారాల్సి వచ్చిందని, ఆ ఖర్చుకు దానిని విడుదల చేసిన క్రియేషన్ రికార్డ్స్ సంస్థ దివాళా అంచుకు చేరిందని చదివాను. అంతమంది గిటారిస్టులు వాయిస్తున్నట్టే నాకు వినిపిస్తుంది కూడా.

జాజ్‌మాస్టర్_మరమ్మతు, 7 జనవరి 2024

స్టూడియోలు అన్ని మారిన మాట నిజమే. రెండున్నర లక్షల పౌండ్ల ఖర్చు అన్న లెక్కను మాత్రం షీల్డ్స్ ఒప్పుకోలేదు. గిటార్ల విషయంలో చాలామంది పొరబడ్డారు. చాలా పాటల్లో ఒకటో రెండో గిటారు పొరలు మాత్రమే ఉన్నాయని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు, చెవి పెట్టి వింటే అది నిజమని తెలుస్తుంది.

కిటుకు రివర్స్ రివర్బ్‌లో, అంటే తిరగేసిన ప్రతిధ్వనిలో ఉంది. యమహా ఎస్‌పీఎక్స్90, ఆలెసిస్ మిడివర్బ్ 2 లాంటి డిజిటల్ పెట్టెల్లో ఒక అమరిక ఉండేది. మామూలు రివర్బ్‌లో శబ్దం పుట్టి, మెల్లగా చచ్చిపోతుంది. ఇందులో అది చిన్నగా మొదలై ఉబ్బి, చటుక్కున ఆగుతుంది. అసలు గిటారు ధ్వనిని పూర్తిగా తీసేసి ఆ ఉబ్బిన ధ్వనిని మాత్రమే వినిపిస్తే, తీగకు పిక్ తగిలిన చప్పుడు ఎక్కడా మిగలదు. మీటు వినపడని గిటారును మన చెవి గిటారుగా గుర్తుపట్టదు, వయొలిన్ల గుంపనో గాలి అనో అనుకుంటుంది. దానికి ముందు కాడ ఊగుడు కలిసింది, తర్వాత శబ్దాన్ని పెంచే ఆంప్ గట్టిగా పెట్టారు. అంతే సరంజామా. మిగిలినదంతా నెలల తరబడి ఓపిక.

గొంతుల సంగతి కూడా ఇలాంటిదే. బిలిండా బుచర్ చాలాసార్లు ఉదయాన్నే, నిద్ర పట్టిన కాసేపటికే లేచి వచ్చి పాడేవారు. పాడే గదికీ యంత్రాల గదికీ మధ్య ఉన్న అద్దానికి కర్టెన్లు వేసేవారు. ఆ నిద్రమత్తు రికార్డులో అలాగే నిలిచింది.

మేఘమాల (మాంచెస్టర్), 8 జనవరి 2024

చర్చ అంతా ఒకే బృందం చుట్టూ తిరుగుతున్నందువల్ల నేను లష్ అనే బృందం గురించి రాస్తున్నాను. మికీ బెరెన్యీ, ఎమ్మా ఆండర్సన్ చిన్ననాటి స్నేహితురాళ్లు, ఇద్దరూ గిటారు పట్టి, ఇద్దరూ పాటలు రాసి 1987లో లండన్‌లో ఈ బృందాన్ని మొదలుపెట్టారు. 1992లో వచ్చిన ‘స్పూకీ’ ఆల్బమ్‌ను కాక్టో ట్విన్స్ గిటారిస్టు రాబిన్ గత్రీ రూపొందించాడు, ఆ గాజు గంటల లాంటి ధ్వనిలో ఆయన చేతివాటం తెలిసిపోతుంది. 1994 నాటి ‘స్ప్లిట్’ నాకు ఇంకా దగ్గరిది, అందులో చిన్నపిల్లల భయాలు, తల్లిదండ్రుల గొడవలు ఆ తీయటి గిటార్ల కింద దాగి ఉంటాయి.

1996 అక్టోబరులో వారి డ్రమ్మర్ క్రిస్ ఆక్లాండ్ చనిపోయాడు. మిగిలినవారు ఆపేశారు. ఆయన లేకుండా ఈ పేరుతో వాయించలేమని వారు అనుకోవడం నాకు అర్థమవుతుంది, ఒక మనిషి లేని లోటు కాలం గడిచినంత మాత్రాన తీరదు. ఇరవై ఏళ్ల తర్వాత 2016లో తిరిగి కలిశారు, ఆ ఏడాది నవంబరులో మా ఊళ్లోనే చివరి కచేరీ ఇచ్చారు. నేను అప్పుడు ఇక్కడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తున్నాను, ఒక సహోద్యోగిని బతిమాలి డ్యూటీ మార్చుకుని వెళ్లాను. చలికి కోటు తీయకుండానే ముందు వరుస దాకా చేరాను.

నాకు గుర్తున్నది ఒక చిన్న విషయం. పాటకూ పాటకూ మధ్య మికీ, ఎమ్మా గిటార్లు మార్చుకుంటున్నప్పుడు, ముందు వరుసలో నా పక్కన ఉన్న పన్నెండేళ్ల అమ్మాయి వారి వేళ్లనే చూస్తూ, గాలిలో తన ఎడమ చేతివేళ్లను అదే ఆకారంలో పెట్టుకుంటోంది. వాళ్లమ్మ వెనక నిలబడి ఆ పిల్ల భుజాలు పట్టుకుని పాటలోని ప్రతి మాటా కలిపి పాడుతోంది. గిటారు పట్టుకున్న ఆడవాళ్లను వేదిక మీద చూడటం ఆ అమ్మాయికి మామూలు విషయం కాబోతోందని అనుకుని నాకు కళ్లు చెమర్చాయి. మై బ్లడీ వాలెంటైన్‌లో ఇద్దరు, స్లోడైవ్‌లో రేచెల్ గాస్వెల్, లష్‌లో ఇద్దరు. అప్పటి రాక్ సంగీతంలో ఆడవాళ్లు ఇంత సహజంగా, ఇంతమంది కనిపించడం అరుదు.

పన్నెండుతీగలు (డాలస్), 9 జనవరి 2024

మేఘమాల గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తూ, ఆక్స్‌ఫర్డ్ కుర్రవాళ్ల రైడ్ బృందాన్ని కూడా మరవవద్దని మనవి. వారి మొదటి ఆల్బమ్ ‘నోవేర్’ 1990 అక్టోబరులో వచ్చింది, అట్ట మీద పేరు కూడా కనపడకుండా ఒక్క సముద్రపు అల మాత్రమే ఉంటుంది. జాజ్‌మాస్టర్ ఊగుడు వీరి లక్షణం కాదు. పన్నెండు తీగల రికెన్‌బాకర్ గిటారు మోత వీరిది. ప్రతి తీగ పక్కనా దాని జోడు తీగ ఉండటం వల్ల ఒక్క మీటుకు గుప్పెడు చిల్లర నాణేలు రాలినట్టు మోగుతుంది, దానిని ధ్వనిని గరుకుగా మార్చే డిస్టార్షన్‌లో ముంచితే ఆ మెరుపు పోకుండానే బరువు వస్తుంది. 1992లో ఎనిమిది నిమిషాలకు పైగా నిడివి ఉన్న ‘లీవ్ దెమ్ ఆల్ బిహైండ్’ను సింగిల్‌గా, అంటే విడి పాటగా విడుదల చేస్తే అది బ్రిటన్ అమ్మకాల పట్టికలో తొమ్మిదో స్థానానికి చేరింది. పాట మొదలై చాలాసేపటి దాకా గొంతు వినిపించని దానిని అంతమంది కోరి కొన్నారంటే, ఆ కాలపు శ్రోతల మీద నాకు గౌరవం పెరుగుతుంది.

కంపితం గారి తంబూరా ఉపమానం బాగుంది గాని, షూగేజ్‌లో పాటను వెనక్కి పంపారన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. జీసస్ అండ్ మేరీ చెయిన్ అనే బృందం 1985లో ‘సైకోకాండీ’ ఆల్బమ్ చేసినప్పుడు వారి గిటార్ల రొద కింద ఉన్నవి అరవైల నాటి అమ్మాయిల గుంపులు పాడిన తరహా తీయటి బాణీలే. ఆ రొద తీసేసినా పాట నిలబడుతుంది. ‘నోవేర్’లోని ‘వేపర్ ట్రెయిల్’ను ఒక మామూలు గిటారు మీద వాయించి చూడండి, నాలుగు కార్డులతో అది పూర్తిగా నిలబడుతుంది, చివర వచ్చే వయొలిన్లు, చెల్లోలు కూడా ఆ బాణీనే మోస్తాయి.

కంపితం, 9 జనవరి 2024

పన్నెండుతీగలు గారూ, మీరు చెప్పింది రైడ్ విషయంలో సరైనదే. మై బ్లడీ వాలెంటైన్ ‘టు హియర్ నోస్ వెన్’ను మామూలు గిటారు మీద వాయిస్తే ఏమి మిగులుతుందో కూడా ప్రయత్నించి చూడండి. మా తమ్ముడు ప్రయత్నించాడు, కార్డులు వచ్చాయి గాని ఆ పాట రాలేదు.

బంగారుకురులు (పుణె), 10 జనవరి 2024

స్లోడైవ్ గురించి ఇంతసేపూ ఎవరైనా రాస్తారని ఎదురుచూశాను. రెడింగ్ పట్టణంలో 1989లో మొదలైన ఈ ఐదుగురికి జరిగినంత అన్యాయం ఈ తరంలో ఇంకెవరికీ జరగలేదు. ‘సువ్లాకీ’కి ముందు నీల్ హాల్‌స్టెడ్, రేచెల్ గాస్వెల్ విడిపోయారు, అతను కొన్నాళ్లు వేల్స్‌లో ఒంటరిగా ఉండి పాటలు రాసుకుని వచ్చాడు, అతను రాసిన ఆ బాధను ఆమే పక్కన నిలబడి పాడింది. రికార్డింగుకు పేరొందిన సంగీతకారుడు, నిర్మాత బ్రయాన్ ఈనోను పిలిస్తే, ఆయన పూర్తి బాధ్యత వద్దని, కలిసి వాయిస్తానని వచ్చాడు. స్టూడియోలోకి అడుగుపెట్టగానే ఆయన చేసిన మొదటి పని గోడ గడియారం ఊడదీసి మిక్సింగ్ బల్ల పక్కన పెట్టడమని హాల్‌స్టెడ్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. అలా రెండు పాటలు పుట్టాయి.

ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు ఒక సమీక్షకుడు దీనిని మళ్లీ వినడం కంటే జావ నిండిన తొట్టెలో మునిగి చావడం మేలని రాశాడు. పత్రికలు అప్పటికే బ్రిట్‌పాప్ అనే కొత్త పాటల ధోరణి వైపు తిరిగాయి. 1995 ఫిబ్రవరిలో ‘పిగ్మేలియన్’ వచ్చింది, దానిలో గిటార్లను తుంచి తుంచి నిశ్శబ్దం మధ్య అక్కడక్కడా పెట్టారు, నా మటుకు నాకు అదే వారి అత్యున్నత రచన. ఆ వెంటనే, వీరి ఆల్బమ్‌లనూ విడుదల చేస్తున్న క్రియేషన్ సంస్థ వారిని వదిలేసింది, బృందం ముగిసింది, ముగ్గురు మోహావీ 3 పేరుతో నెమ్మదైన పాటలు వాయించుకున్నారు.

2014 మే నెలాఖరులో బార్సిలోనాలో ప్రిమావెరా ఉత్సవానికి వారు తిరిగి వచ్చినప్పుడు నేను ఆ జనంలో ఉన్నాను, అప్పట్లో ఆ దేశంలో ఉన్నత చదువులో ఉన్నాను. వేదిక పక్కనే మధ్యధరా సముద్రం, ఉప్పుగాలి. చివరి పాట ‘గోల్డెన్ హెయిర్’, జేమ్స్ జాయిస్ చిన్న కవితకు పింక్ ఫ్లాయిడ్ బృంద స్థాపకుల్లో ఒకడైన సిడ్ బారెట్ కట్టిన బాణీ. రేచెల్ ఆ కొద్ది పంక్తులు పాడి, మైకు వదిలి, పక్కకు వెళ్లిపోతుంది. తర్వాత మాట ఉండదు, గిటార్ల ధ్వని అల మీద అలగా పెరుగుతూ పోతుంది. నా చుట్టూ ఇరవై ఏళ్ల వయసువారే ఎక్కువ, ఆ పాటలు రికార్డయినప్పుడు వారిలో చాలామంది పుట్టి కూడా ఉండరు, అయినా ప్రతి పాట మొదటి స్వరానికే కేక వేశారు. 2023లో ‘ఎవ్రీథింగ్ ఈజ్ అలైవ్’ బ్రిటన్ పట్టికలో మొదటి పదిలోకి చేరినప్పుడు ఆ రాత్రి నాకు మళ్లీ గుర్తొచ్చింది.

గుంటూరు_హాస్టలు (హైదరాబాద్), 11 జనవరి 2024

పెద్దలందరికీ నమస్కారం. నాకు పంతొమ్మిదేళ్లు, ఇంజనీరింగు రెండో సంవత్సరం. స్లోడైవ్ పాట నాకు మొదట ఫోనులో ఇరవై సెకన్ల వీడియో వెనక వినిపించింది, ఆ పాట పేరు కనుక్కోవడానికి రాత్రంతా వెతికాను. నేను ఏ కచేరీకీ వెళ్లలేదు, వెళ్లే వీలు దగ్గర్లో లేదు. హాస్టలు గదిలో నలుగురం ఉంటాం, ఇయర్‌ఫోన్లలో తక్కువ శబ్దంతోనే వింటాను. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న విడిభాగాలతో, గిటారు ధ్వనిని గరుకుగా చేసే ఒక ఫజ్ పెడల్ సొంతంగా అతికించాను, అది పనిచేస్తోంది. నా ప్రశ్న ఒక్కటే. రౌండ్‌హౌస్_మెట్లు గారు రాసిన శబ్దం వినకపోతే నేను ఈ సంగీతం నిజంగా విన్నట్టేనా?

రౌండ్‌హౌస్_మెట్లు, 11 జనవరి 2024

బాబూ, విన్నట్టే. నీ చెవులను జాగ్రత్తగా చూసుకో, ఎందుకంటే ఆ సంగీతం చేసిన షీల్డ్స్‌కే చెవిలో నిరంతరం మోగే జబ్బు ఉంది, తలుపు దగ్గర బిరడాలు పంచేది అందుకే. ఎప్పుడైనా కచేరీకి వెళ్తే వాటిని మొదటినుంచే పెట్టుకో, అప్పుడు ఇరవై నిమిషాలూ పూర్తిగా వినగలవు.

పాతక్యాసెట్టు, 12 జనవరి 2024

నాన్నా, నేను ముప్పై ఏళ్లు తెగిపోయిన టేపులో, ఒక్క స్పీకరున్న రికార్డరులో విన్నాను. ఈ ధనుర్మాసంలో తెల్లవారుజామున లేచి మేడ మీదికి వెళ్లి నిలబడు. దూరాన ఏదో గుడి మైకులోంచి పాశురం గాలికి సగం కొట్టుకుపోతూ వస్తుంది, మాటలు విడిగా తెలియవు, రాగం మాత్రం మంచులో కరిగి నీ దాకా చేరుతుంది. నేను బిలిండా బుచర్ గొంతును మొదటినుంచీ అలాగే విన్నాను. అది చిన్న శబ్దమే.

జాజ్‌మాస్టర్_మరమ్మతు, 12 జనవరి 2024

ఫజ్ పెడల్ సొంతంగా అతికించావంటే సోల్డరింగు నీకు వచ్చినట్టే. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక, 21వ తేదీ ఆదివారం మధ్యాహ్నం నా దుకాణానికి రా, వేదిక సందేశంలో చిరునామా పంపుతాను. పెడల్ కూడా తీసుకురా. ఆ గిటారుకు మందపాటి 12 గేజి తీగలు వేసి ఉంచుతాను, సన్నని తీగలు వేస్తే గట్టిగా మీటినప్పుడు బ్రిడ్జి గాడిలోంచి పక్కకు జారిపోతాయి.

గుంటూరు_హాస్టలు, 22 జనవరి 2024

అందరికీ నమస్కారం. నిన్న వెళ్లాను. జాజ్‌మాస్టర్ గారు ముందు గిటారు చేతికి ఇవ్వలేదు, బల్ల మీద పడుకోబెట్టి, స్ప్రింగు ఉన్న పలక మరలు విప్పించి, నా వేలితోనే ఆ స్ప్రింగును నొక్కించారు. చెక్కలో జిగురు మరక ఇంకా ఒక పక్క నల్లగా ఉంది. తర్వాత మళ్లీ నాతోనే బిగింపించి, తీగలు కట్టించి, నా పెడల్‌ను ఒక చిన్న ఆంప్‌కు కలిపారు. కాడను చూపుడువేలికీ అరచేతికీ మధ్య ఎలా పట్టుకోవాలో ఆరేడుసార్లు చూపించారు, చెయ్యి బిగబట్టకూడదు, కాడను నొక్కాలని కూడా ప్రయత్నించకూడదు, మీటడం మీదే ధ్యాస ఉంటే అదే కదులుతుందని అన్నారు.

మొదట రాలేదు. చెయ్యి బిగుసుకుపోయింది, కార్డు ఒక్కసారిగా పడిపోయేది. వారి అబ్బాయి వచ్చి టీ ఇచ్చాడు, తాగి మళ్లీ పట్టుకున్నాను. అప్పుడు వచ్చింది. ఆంప్ చిన్నగానే ఉంది, పక్క దుకాణం వారికి కూడా వినిపించనంత చిన్నగా. కార్డు జారి, లేచి, మళ్లీ జారింది. నేను ఆపకుండా ఇ మేజర్ ఒక్కటే చాలాసేపు మీటాను, జాజ్‌మాస్టర్ గారు స్టూలు మీద కూర్చుని ఏమీ మాట్లాడకుండా విన్నారు. వచ్చే ఆదివారం కూడా రమ్మన్నారు.